చల్లటి కారు మీద చేసిన పరీక్ష

నాకు ముక్కు మీద కోపమని మా వీధిలో అందరూ అంటారు. అది అబద్ధం. నాకు కోపం వచ్చేవి రెండే సందర్భాలు. బానెట్ ఎత్తగానే ఎవడో చేతగానివాడు వేసిన అతుకు కనబడినప్పుడు ఒకటి. వైరింగ్ బాగానే ఉందని నేను చెప్పాక కూడా జనం నమ్మనప్పుడు రెండోది. ఈ రెండూ రోజుకు నాలుగైదుసార్లు జరుగుతుంటే అందులో నా తప్పేముంది?

ముప్పై ఎనిమిదేళ్లుగా పాత కార్ల కరెంటు పని చేస్తున్నాను. బయట అందరికీ కరెంటమ్మనే. షెడ్డు మా నాన్నది. ఆయన పోయాక ఎడమ సగం నాకు వచ్చింది, కుడి సగంలో మా బావ పని చేసుకుంటాడు. బావ అంటే మా అక్క మొగుడు. నా బల్ల మీద ఏ స్క్రూడ్రైవర్ ఉండాల్సిన చోట అదే ఉంటుంది. బావ బల్ల చూస్తే చెత్తకుండీ తిరగబోసినట్టుంటుంది గానీ, కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా కావలసిన స్పానరే ఆ చేతికి తగులుతుంది. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరికీ సరిపడా నేనే మాట్లాడతాను.

బావ పుట్టుకతోనే గేర్ల మనిషి. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఎక్కడ పాత గేర్‌బాక్సు మొరాయించినా మా షెడ్డుకే తెచ్చేవాళ్లు. అలాంటివాడు ఇరవై రెండేళ్లుగా బ్రేకులు, క్లచ్ ప్లేట్లు, నీళ్ల పంపులు తప్ప ఇంకేమీ ముట్టుకోవడం లేదు. ఓవర్‌డ్రైవ్ అనే మాట వినబడితే చాలు, చేతులు తుడుచుకుని బయటికి వెళ్లిపోతాడు. ఎందుకో చెబుతాను, అదే ఈ కథ.

ఒక సోమవారం పొద్దున్నే సర్వేయరమ్మ తన పాత కారు తెచ్చింది. వెనక సీట్లో మూడుకాళ్ల స్టాండు, కొలత కర్రలు, ముందు సీట్లో గట్టి అట్టల పుస్తకం. పొడుగ్గా, తాపీగా ఉండే మనిషి. భూములు కొలవడానికి రోజంతా ఊళ్లు పట్టుకుని తిరుగుతుంది. ఈ కారు కిందటేడే కొనుక్కుందట. అంతకు ముందున్న ఆసామి దాన్ని ఎప్పుడో గానీ బయటికి తీసేవాడు కాదట.

"ఓవర్‌డ్రైవ్ స్విచ్ వేస్తే పడుతోందండీ. తీస్తే ఒక్కోసారి వదలట్లేదు," అంది. "కింద నూనె కూడా కారుతోంది. ఇద్దరు మెకానిక్కులకి చూపించాను, పెట్టె మొత్తం మార్చాలన్నారు. అది ఎక్కడా దొరకదట."

ఓవర్‌డ్రైవ్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను, ఒక్కసారే చెబుతాను. గేర్‌బాక్సు వెనక తగిలించిన మరో చిన్న పెట్టె అది. టాప్ గేర్లో, ఖాళీ రోడ్డు మీద, స్టీరింగ్ పక్కనున్న స్విచ్ వేస్తే కారు వేగం తగ్గదు గానీ ఇంజను రొప్పు తగ్గుతుంది. ఆ చిన్న స్విచ్‌కి పెద్ద కరెంటు మోసే సత్తా లేదు. అందుకని మధ్యలో రిలే ఉంటుంది. స్విచ్ రిలేకి చెబుతుంది, రిలే పెద్ద కరెంటును కారు కిందనున్న సోలినాయిడ్‌కి వదులుతుంది, సోలినాయిడ్ లోపల నూనెకు దారి తెరుస్తుంది. ఓవర్‌డ్రైవ్ పడి ఉండగా మాత్రం రివర్స్ గేర్ వేయకూడదు. వేస్తే లోపలి రోలర్ల క్లచ్ పిండైపోతుంది. అలా జరగకుండా, టాప్ గేర్ తీయగానే రిలేకి కరెంటు ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. రిలే చెప్పిన మాట విన్నంతకాలం ఏ భయమూ లేదు.

పెట్టెలో తప్పేమీ లేదని, ఇది నా పనేనని, మధ్యాహ్నం భోజనం వేళకి కారు తీసుకెళ్లొచ్చని సర్వేయరమ్మకి చెప్పాను. మరి నూనె కారడం సంగతేమిటని, పెట్టె విప్పాల్సి వస్తే ఎవరు విప్పుతారని ఆవిడ అడిగింది. నేను నోరు తెరిచేలోపే వ్యాను కింద పడుకుని ఉన్న బావ జవాబు చెప్పాడు.

"నేను మాత్రం కాదు."

అంతే. ఆ తర్వాత సుత్తి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

ఇరవై రెండేళ్ల కింద ఒక డాక్టరుగారికి అచ్చం ఇలాంటి కారే ఉండేది. దాని ఓవర్‌డ్రైవ్‌ని బావ పదకొండు రోజులు కూర్చుని విప్పి బిగించాడు. మూడు రోజులకి డాక్టరుగారు పక్క ఊరికి బయల్దేరి, దారిలో పెట్రోలు పంపు దాటిపోయాడని వెనక్కి రావడానికి రివర్స్ వేశాడు. లోపల ఏదో పగిలిన శబ్దం. విప్పి చూస్తే రోలర్లు ముక్కలు, పెట్టెకు అడ్డంగా పగులు. రోలర్లు తిరగేసి బిగించాడని వీధంతా గుసగుసలాడింది. బావ నన్ను ఒక్కటే అడిగాడు, వైరింగ్ ఓసారి చూడమని. మర్నాడు పొద్దున్న ఏడింటికి చూశాను. స్విచ్ వేస్తే టిక్, టక్. తీస్తే మళ్లీ టిక్, టక్. గడియారంలా పనిచేస్తోంది. పదింటికి స్పేర్ పార్టుల కొట్టు దగ్గర అందరూ టీ తాగుతుండగా, అక్కడే నిలబడి గట్టిగా చెప్పాను, వైరింగ్‌లో వెంట్రుకంత తేడా లేదని, నేను చూశానంటే చూసినట్టేనని. ఇంక మిగిలింది బావ పనే. ఎవరూ ఆ మాట పైకి అనలేదు, నేనూ అనలేదు. అనాల్సిన అవసరమే లేకుండా పోయింది. ఆ వారమే బావ తన గేర్ల సామాను నూనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు.

సరే, సర్వేయరమ్మ కారు. ఆ రోజు భోజనం వేళ దాటింది, సాయంత్రమైంది, కారులో తప్పు దొరకలేదు. ఇంజను ఆపి, తాళం తిప్పి, టాప్ గేర్ వేసి స్విచ్ నొక్కితే డాష్‌బోర్డు వెనక రిలే టిక్ మంటోంది, కింద సోలినాయిడ్ టక్ మంటోంది. మీటరు పెడితే స్విచ్ వేసినప్పుడు పూర్తి కరెంటు, తీసినప్పుడు సున్నా. మర్నాడు పొద్దున్న మళ్లీ చూశాను. మళ్లీ అంతే. మా నాన్న నేర్పిన పద్ధతి ఒకటుంది. వైరింగ్ ఎప్పుడూ పొద్దున్నే, కారు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వేడి సైలెన్సర్ తగిలి ఆయన మోచెయ్యి ఒకసారి కాలిందిలెండి, అప్పటి నుంచి అది మా షెడ్డు చట్టమైపోయింది. నాన్నకు నేనేమీ తక్కువ కాదు గనక నేనూ దాన్ని తు.చ. తప్పకుండా పాటించాను. రిలే మొహం కూడా చూడలేదు. అది డాష్‌బోర్డు వెనక అట్ట చాటున ఎక్కడో ఉంది. చక్కగా మోగుతున్నదాన్ని విప్పి చూడటం దేనికి?

మంగళవారం సర్వేయరమ్మ వచ్చేసరికి నాకు చిర్రెత్తి ఉంది. కారుకేమీ లేదని, స్విచ్ సరిగ్గా తీస్తున్నదో లేదో చూసుకోమని నోరు పారేసుకున్నాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. పుస్తకం తీసి, ఓవర్‌డ్రైవ్ వదలనిది పద్నాలుగుసార్లని, ప్రతిసారీ తేదీ, బయల్దేరిన టైము, ఎంత దూరంలో జరిగిందీ రాసి పెట్టుకున్నానని చెప్పింది. కొలిచే బుద్ధి ఎక్కడికి పోతుంది. కారు సంగతి కారు చెబుతుంది గానీ పుస్తకాలు చెప్పవన్నాను. బావ నెమ్మదిగా వచ్చి, చేతులు తుడుచుకుని ఆ పుస్తకం తీసుకున్నాడు. పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు.

"అన్నీ అరగంట దాటాకే," అన్నాడు. పుస్తకం ఇచ్చేసి బ్రేకుల దగ్గరికి వెళ్లిపోయాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా పనిలో బావ వేలు పెట్టడం అదే మొదలు. కానీ ఆయన అన్నది అబద్ధం కాదుగా, కళ్ల ముందే ఉంది. బుధవారం మధ్యాహ్నం ఎండలో సర్వేయరమ్మ పక్కన కూర్చుని రోడ్డెక్కాను.

ఇరవై నిమిషాల వరకు కారు బంగారంలా ఉంది. స్విచ్ వేస్తే పడింది, తీస్తే వదిలింది. ఆ తర్వాత ఓవర్‌డ్రైవ్ వేసి అలాగే ఉంచమన్నాను. ముప్పై ఎనిమిదో నిమిషంలో తీయమన్నాను. తీసింది. ఇంజను శబ్దం పెరగాలి. పెరగలేదు. ఆవిడ నా వంక చూడకుండానే, టైము వేయమని పుస్తకం నా చేతికే ఇచ్చింది. ఇప్పుడు ఏం చేస్తారని అడిగితే, రివర్స్ జోలికి పోనని, మా వీధి మొదట్లో ఉన్న ఎత్తైన స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగాక ఎందుకో అదే వదిలేస్తుందని చెప్పింది.

కారు రోడ్డు పక్కన ఆపించాను. ఇంజను ఆపినా తాళం తీయనివ్వలేదు. సామాను పెట్టుకునే అర ఊడదీసి, అట్ట వెనక్కి చెయ్యి పెట్టాను. రిలే తగిలి చెయ్యి చురుక్కుమంది. స్క్రూడ్రైవర్ పిడితో ఒక్క దెబ్బ వేశాను. టిక్. కింద టక్. వదిలేసింది.

అంటే లోపల కరెంటును కలిపే పాయింట్లు వేడికి ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. చల్లారినా, కుదుపు తగిలినా విడిపోతున్నాయి. తాళం తీయించి, తిట్టుకుంటూ రిలే బయటికి లాగాను. చూస్తే అది ఓవర్‌డ్రైవ్ రిలేనే కాదు. హారన్ రిలే. హారన్ అంటే క్షణం మోగి ఆగేది. దానికోసం చేసిన బుల్లి రిలేని గంటల తరబడి కరెంటు మోయమంటే అది మాత్రం ఏం చేస్తుంది? ఏ దరిద్రుడు పెట్టాడిది ఇక్కడ, వాడి చేతులు విరగ, అని సర్వేయరమ్మ ముందే పైకి అనేశాను. దాన్ని వెలుగులోకి తిప్పాను.

స్క్రూల నెత్తిన మెరూన్ రంగు చుక్కలున్నాయి. గోళ్ల రంగు. నేను బిగించిన స్క్రూ ఇంకెవరైనా ముట్టుకుంటే తెలియాలని, ఎన్నో ఏళ్లుగా ప్రతిదాని మీదా గోళ్ల రంగు చుక్క పెడతాను. ఈ వీధిలో ఆ పని చేసేది నేనొక్కదాన్నే.

గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్ల కింద ఓవర్‌డ్రైవ్ రిలేలు ఎక్కడా దొరకలేదు. చేతిలో మంచి హారన్ రిలేలు మూడున్నాయి. బల్ల మీద పెట్టి చూస్తే ముచ్చటగా మోగాయి. నా తెలివికి నేనే మురిసిపోయి మూడు కార్లలో బిగించాను. ఒకటి అప్పుడే తుక్కులోకి పోయింది. ఒకటి ఇది. ఇంకొకటి డాక్టరుగారి కారు. ఆ కారును తాడు కట్టి గతుకుల్లో లాక్కొచ్చారు. మర్నాడు పొద్దున్న, చల్లబడ్డాక, నేను పరీక్ష చేశాను.

సర్వేయరమ్మ ఏమైందని అడిగింది. నేను నీళ్లు నమిలాను. నా జీవితంలో నేను నీళ్లు నమలడం ఎవరైనా చూశారంటే ఆవిడొక్కతే చూసింది.

తిరుగు దారంతా ఒక ఆలోచన చేశాను, దాచను. మంచి రిలే ఒకటి తెప్పించి బిగిస్తే చాలు. ఈ హారన్ రిలే నా చెత్తబుట్టలో పడుతుంది. సర్వేయరమ్మకి కారు బాగైతే చాలు, ఎవరు పెట్టారో అక్కర్లేదు. డాక్టరుగారు ఎప్పుడో ఊరు మారాడు. ఇరవై రెండేళ్లుగా అలవాటైపోయిన బావకు కొత్తగా పోయేదేమీ లేదు. నా మాటకు మాత్రం ఈ వీధిలో ఒక విలువుంది. ఈ ఆలోచన షెడ్డు దాకా బాగానే నడిచింది. లోపలికి వెళ్లేసరికి బావ బ్రేకు డ్రమ్ము ఒడిలో పెట్టుకుని తుడుస్తున్నాడు. ఎలాంటి చేతులు ఎలాంటి పనికి దిగాయో ఆ పూట కళ్లారా చూశాను. నా మీద నాకే అసహ్యమేసింది.

ముందు నేను నిర్ధారణ చేసుకోవాలి. బల్ల మీద బ్యాటరీ, స్విచ్, ఆ రిలే, సోలినాయిడ్ బదులు మూడు హెడ్‌లైటు బల్బులు పెట్టి వెలిగించి, ఎదురుగా కూర్చున్నాను. ముప్పై ఆరు నిమిషాలకి స్విచ్ తీశాను. బల్బులు వెలుగుతూనే ఉన్నాయి.

"బావా, ఇలా రా."

"ఇది బిగించి వస్తా."

"ఇప్పుడే రా బావా."

వచ్చాడు. స్విచ్ చూశాడు, బల్బులు చూశాడు, వంగి రిలే చూశాడు. స్పానరు మొనతో దాన్ని తట్టాడు. బల్బులు ఆరిపోయాయి. గోళ్ల రంగు చుక్కల మీద ఆయన చూపు కాసేపు ఆగింది.

"డాక్టరుగారి కారులోనూ ఇలాంటిదే పెట్టాను," అన్నాను. "ఆయన రివర్స్ వేసినప్పుడు అది వదల్లేదు బావా. అందుకే పగిలింది. నీ పనిలో తప్పు లేదు. తప్పు నాది."

బావ స్పానరు బల్ల మీద పెట్టాడు. తర్వాత నాతో కాకుండా ఆ బల్బులతో చెబుతున్నట్టు చెప్పాడు.

"పన్నెండు రోలర్లు. ఒక్కొక్కటీ ఎలా పెట్టానో గుర్తు తెచ్చుకునేవాణ్ణి. ఎన్నిసార్లు తెచ్చుకున్నా పన్నెండూ సరిగ్గానే పెట్టినట్టు గుర్తొచ్చేది. నా గుర్తే తప్పనుకున్నాను."

సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. మధ్యాహ్నం మూడింటికే ఇంటికి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని, తిట్టలేదు. నేను ఆ స్టూలు మీదే కూర్చుని ఏడ్చాను. కరెంటమ్మ ఏడ్చిందని బయట ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను.

మర్నాడు పొద్దున్న బావ రాలేదు, అక్క వచ్చింది. అక్క షెడ్డులో అడుగు పెట్టి పదేళ్లయి ఉంటుంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆయన అప్పుడే నాతో అన్నాడు, తప్పు నా చేతిది కాదేమోనని," అంది. "నేనే నోరు మూయించాను. నా చెల్లెలు చూశానంటే చూసినట్టేనన్నాను. మొగుడి మాట పక్కన పెట్టి నీ మాట పట్టుకున్నాను."

నేను ఏదో అనబోయాను. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు చెప్పక్కర్లేదు. అప్పుడు ఎక్కడ నిలబడి అరిచావో అక్కడ చెప్పు."

అప్పటికే నేను బ్యాటరీ, బల్బులు చక్రాల బండి మీద ఎక్కించుకుని ఉన్నాను. అక్క చెబితే వెళ్లానని ఎవరూ అనుకోకూడదు గనక ఈ సంగతి రాస్తున్నాను. పదింటికి పది నిమిషాలుండగా బండి తోసుకుంటూ స్పేర్ పార్టుల కొట్టుకు వెళ్లాను. పదింటికి అందరూ అక్కడే ఉంటారు. ఆ పూట రేడియేటర్ తాత, పెయింటరు, టైర్లవాడు, కౌంటరు వెనక కొట్టాయన. వీళ్లలో తాత, కొట్టాయన ఆ రోజు కూడా ఉన్నారు.

కౌంటరు మీద సామానంతా పరిచాను. కొట్లో దీపాలు పెట్టడానికి వచ్చావా అని తాత ఎగతాళి చేశాడు. నేను స్విచ్ వేసి, బల్బులు వెలిగించి, మొత్తం కథ చెప్పాను. డాక్టరుగారి కారు, చల్లటి పరీక్ష, నేను ఇక్కడే నిలబడి అన్న మాట, అన్నీ. చెప్పి, ముప్పై ఆరు నిమిషాలు ఆగండి, మీ కళ్లతో మీరే చూద్దురు గాని అన్నాను. నన్ను నమ్మమని అడగలేదు. నన్ను నమ్మే కదా ఇంత పని జరిగింది.

ఆగారు. టీ అయిపోయింది, అయినా ఎవరూ కదల్లేదు. ముప్పై ఆరు నిమిషాలైంది. స్విచ్ తీశాను.

బల్బులు ఆరిపోయాయి.

పెయింటరు పడీపడీ నవ్వాడు. ఆఖరికి నీ రిలే కూడా నీ మాట వినట్లేదే అన్నాడు. బావను కాపాడుకోవాలని ఏదో కథ అల్లుకొచ్చాను అన్నట్టు టైర్లవాడు జాలిగా చూశాడు. ఆ జాలే నాకు ఒళ్లు మండించింది. పైకి చూస్తే నెత్తిన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. రిలేకి చల్లగాలి కొడుతున్నాడు కొట్టాయన. ఫ్యాను ఆపమన్నాను. ఉక్కగా ఉందన్నాడు. ఆపమన్నానా, అన్నాను. ఆపాడు. మళ్లీ స్విచ్ వేసి, మళ్లీ టైము చూసుకున్నాను. ఎవరి పని వాళ్లకుంటే వెళ్లొచ్చు, నేను మాత్రం ఇక్కడి నుంచి కదలనని చెప్పాను. చెమటలు కారుతున్నాయి. రెండో టీ వచ్చింది. కొట్టుకి వచ్చినవాళ్లు కూడా ఏమిటేమిటని చేరారు.

నలభై నిమిషాలకి స్విచ్ తీశాను. బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. స్విచ్ వైరు పూర్తిగా ఊడబీకి తాత చేతిలో పెట్టాను. అయినా వెలుగుతూనే ఉన్నాయి. తాత ఆ వైరు వంక, బల్బుల వంక మార్చిమార్చి చూశాడు.

"అయితే ఇన్నాళ్లూ పాపం ఆ మనిషిని..." అని ఆగిపోయాడు.

కొట్టాయన తల దించుకున్నాడు. గేర్ల పని కోసం ఎవరు అడిగినా బావ దగ్గరికి వెళ్లొద్దని తనే చెప్పేవాడినని, ఇకపై ఎవరొచ్చినా ఈ సంగతే చెబుతానని అన్నాడు. చెప్పేటప్పుడు నా తప్పు కూడా వదలకుండా చెప్పమన్నాను. సరిగ్గా సరిపోయే ఓవర్‌డ్రైవ్ రిలే ఆయన దగ్గరే వెనక అరల్లో ఒకటుంది. తీసుకుని బండి తోసుకుంటూ బయల్దేరాను. తల కొట్టేసినట్టు ఉంటుందనుకున్నాను గానీ, నిజం చెబుతున్నాను, ఒళ్లు తేలిగ్గా ఉంది. తప్పు ఒప్పుకోవడమైనా సరే, నేను చేస్తే దిట్టంగానే చేస్తాను.

షెడ్డుకు వచ్చేసరికి సర్వేయరమ్మ కారు స్టాండ్ల మీద ఎత్తి ఉంది. కింద ఖాళీ. ఓవర్‌డ్రైవ్ పెట్టె దిగి బావ బల్ల మీద, ఉతికిన తెల్లగుడ్డ మీద కూర్చుని ఉంది. సగం బోల్టులు అప్పటికే ఊడాయి. అక్క చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, మోచేతుల దాకా నల్లనూనెతో, బావ అడిగిన స్పానరు ఒక్కొక్కటీ అందిస్తోంది. నన్ను చూసినా ఇద్దరూ పని ఆపలేదు. కొట్లో జరిగింది వీళ్ల దాకా అప్పుడే వచ్చినట్టుంది, ఈ వీధిలో ఏ వార్తకీ కాళ్లు నొప్పెట్టవు. బావ కృతజ్ఞతలేమీ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను చచ్చిపోయేదాన్ని.

"రిలే తెచ్చావా?" అని అడిగాడు.

చూపించాను. ఇది అసలుదేనని, గంటలు మోయడానికి చేసిందని, దాని అట్టపెట్టె సీలు కూడా విప్పలేదని చెప్పాను.

"బల్బులకి కట్టి వేడెక్కించి చూపించు."

"కొత్తది బావా. నేను చూసే తెచ్చాను."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ నాకు వినబడలేదు. బావకు మాత్రం వినబడింది. స్పానరు కింద పెట్టాడు. చేతి గడియారం విప్పి నా బల్ల మీద, రిలే పక్కన పెట్టాడు. ముప్పై ఎనిమిదేళ్లలో నా పని మీద కాపలా కూర్చున్నవాడు లేడు. మా నాన్న కూడా కూర్చోలేదు. కోపం గొంతు దాకా వచ్చింది, అక్కడే మింగేశాను. వైర్లు కట్టి, స్విచ్ వేశాను.

బావ బోల్టులు విప్పుకుంటూ మధ్యమధ్యలో గడియారం వంక చూశాడు. ఆ విప్పడం చూడాలి మీరు. ఇరవై రెండేళ్ల తర్వాత కూడా ఆ చేతులు ఒక్క బోల్టు దగ్గర తడుముకోలేదు. అక్క చేతిలో గిన్నె పట్టుకుని ఒక్కో రోలరూ అందులో వేయించుకుంది. పన్నెండూ వచ్చాయో లేదో తను కూడా పైకి లెక్కపెట్టింది. నేను బల్బుల ఎదుట నిలబడ్డాను. కదల్లేదు.

గంటైంది. స్విచ్ తీశాను. టిక్ మంది. మూడు బల్బులూ ఒక్కసారే ఆరిపోయాయి. చూశావా అన్నట్టు బావ వంక తిరిగాను.

బావ ఒక రోలరు వెలుగుకి పెట్టి చూసి, గుడ్డతో తుడిచి, జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

"ఇంకో గంట," అన్నాడు.

మళ్లీ స్విచ్ వేశాను.